స్టూడియోలో కట్టిన బొగ్గుబాయి

బొగ్గుబాయి క్వార్టర్లలో పెరిగిన మాకు ఆ రోజుల్లో సినిమా పిచ్చి ఎంత ఉండేదో ఇప్పటి పిల్లలకు చెప్తే, పాపం అమ్మకు చాదస్తం మొదలైందన్నట్టు చూస్తారు. మందమర్రిలో మా క్వార్టర్లకు దగ్గరలో ఒకే ఒక్క టాకీసు ఉండేది. అక్కడ ఆట గడియారాన్ని చూసి మొదలయ్యేది కాదు, షిఫ్టును చూసి మొదలయ్యేది. మొదటి షిఫ్టు దిగినవాళ్లు ఇంటికొచ్చి, స్నానం చేసి, ఎంత రుద్దినా కళ్ల అంచుల్లో కాటుకలా మిగిలిపోయే బొగ్గుతోనే వచ్చి కూర్చుంటే తప్ప మ్యాట్నీ బొమ్మ పడేది కాదు. కొత్త సినిమా ఊళ్లన్నీ తిరిగి అలసిపోయి మా దాకా వచ్చేసరికి రీలంతా గీతలు పడి ఉండేది. అందుకే మేము చూసిన ప్రతి సినిమాలోనూ వాన కురిసేది. (హీరోయిన్ మండుటెండలో చెమట తుడుచుకుంటున్నా సరే, చుట్టూ వానే.) ఆ వానలో కూర్చునే నేనొక నిర్ణయానికి వచ్చాను. తెర మీద ఉండవలసిన ముఖం నాది, పొరపాటున బెంచీ మీద కూర్చుంది. పదో తరగతి పరీక్షలు రాసిన ఆ వేసవిలో నాకు పదిహేనేళ్లు. నా ముఖం మీద నాకున్న నమ్మకం మాత్రం ఆ వయసుకు చాలా పెద్దది.

ఆ నమ్మకానికి నీళ్లు పోసి పెంచింది మా మామ, అంటే అవ్వ తమ్ముడు. (మాకు అమ్మ అంటే అవ్వ, నాన్న అంటే బాపు.) హైదరాబాదులో ఒక సినిమా స్టూడియోలో పనిచేసేవాడు కాబట్టి మా ఇంట్లో అతని పేరు స్టూడియో మామ. వచ్చినప్పుడల్లా "హీరో నా బుజం మీద చెయ్యేసి మాట్లాడుతడు" అని చెప్పేవాడు. (మామ సెట్లకు మేకులు కొట్టే వడ్రంగి అని తర్వాత తెలిసింది. హీరో భుజం మీద చెయ్యి వేసిన మాట నిజమే, నిచ్చెన దిగడానికి వేశాడు.) ఆ వేసవిలో మామ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. బొగ్గుబాయి కథతో సినిమా తీస్తున్నారట, స్టూడియోలోనే బాయి సెట్టు కడుతున్నారట, గుంపులో నిలబడే ఆడపిల్లలు కావాలట. "పిల్లను తోలుకొని రాండ్రి అక్కా, నేను మాట్లాడిన. తెర మీద కనవడుతది" అని చివర రాశాడు. ఆ చివరి మాట ఎన్నిసార్లు చదివానో ఆ ఉత్తరం మడతలకే తెలియాలి. మా లైనులో ఇరవై క్వార్టర్లుంటే ఇరవైకీ వెళ్లి చెప్పి వచ్చాను. తలుపు తీయనివాళ్లకు కిటికీలోంచి చెప్పాను. రేపు తెర మీద కనబడకపోతే మళ్లీ ఆ లైనులో తలెత్తుకుని నడవలేనన్న సంగతి అప్పుడు తట్టలేదు. తట్టేసరికి అందరికీ చెప్పడం అయిపోయింది.

ఇంకో పని కూడా చేశాను, ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కే పని. సినిమావాళ్ల ముందు మన మాట చెల్లదని నాకు నేనే తీర్మానించుకుని, నెలరోజులు అద్దం ముందు నిలబడి సినిమా తెలుగు నేర్చుకున్నాను. 'వచ్చిండు' మానేసి 'వచ్చాడండీ' అన్నాను. 'తెల్వదు' మానేసి 'తెలీదండీ' అన్నాను. అవ్వ బియ్యం చెరగమంటే "అలాగేనండీ, ఇప్పుడే చెరుగుతానండీ" అన్నాను. అవ్వ చాట కింద పెట్టి నా నుదురు పట్టి చూసి, "ఏమైందే పొల్లా నీకు? గాలి సోకిందా?" అన్నది. బాపు మాత్రం నవ్వి, "మాట్లాడనీ తియ్. బిడ్డ పట్నం పోతుంది గద" అన్నాడు. (ఇప్పుడు ఇదంతా రాస్తున్నది కూడా దాదాపు ఆ తెలుగులోనే. అద్దం ముందు పడ్డ కష్టం ఊరికే పోలేదన్నమాట.)

బాపు గురించి చెప్పాలి. బాపు టింబర్‌మన్. భూమి లోపల బొగ్గు తీసినకొద్దీ పైన కప్పు ఆధారం లేకుండా నిలబడుతుంది. అది కూలకుండా దుంగలు పెట్టడం ఆయన పని. దుంగ పెట్టేముందు కర్రతో కప్పును కొట్టి, చెవి పెట్టి వినాలి. ఖంగుమంటే గట్టి కప్పు. డొల్లగా మోగితే లోపల పొర విడిచిందని లెక్క. అప్పుడిక ఆలోచించడమనేది ఉండదు, పక్కనున్నవాళ్లను లాక్కుని ఉరకడమే. ఇరవై ఏళ్లు ఆ పని చేసిన మనిషి పైకి వచ్చాక కూడా ఆ అలవాటును కింద వదిలి రాలేకపోయాడు. బస్టాండులో నిలబడితే రేకుల వైపు చూసి మమ్మల్ని రెండడుగులు పక్కకు జరిపేవాడు. పెళ్లికి పోతే పందిరి గుంజలు ఊపి చూసేవాడు. పెళ్లివారు భోజనానికి పిలుస్తుంటే మా బాపు గుంజ పట్టుకుని పైకి చూస్తూ ఉండేవాడు. ఈయన ఎవరని ఎవరైనా నన్ను అడుగుతారేమోనని నేను వంకాయకూర వైపు దీక్షగా చూస్తూ ఉండేదాన్ని.

ఎప్పుడూ లీవు అడగని బాపు ఆ వేసవిలో నా కోసం లీవు పెట్టి, నన్నూ అవ్వనూ రైలెక్కించి హైదరాబాదు తీసుకుపోయాడు. షూటింగు మేము చేరిన నాలుగో రోజు. మొదటి మూడు రోజుల్లో ఐదు ఆటలు చూశాం. ఆ హాళ్లలో తెర మీద వాన లేదు. మెత్తటి కుర్చీలు, ఎక్కడినుంచి వస్తున్నదో తెలియని చలి. అవ్వ కొంగు నిండా కప్పుకుని, "జర గా ఫ్యాను బంద్ చెయ్యమనుండ్రి" అన్నది. (ఫ్యానే లేదు.) బాపు హాల్లో అడుగు పెడితే తెర వైపు చూసేవాడు కాదు, ముందు తలుపులు లెక్కపెట్టేవాడు. "నాలుగున్నయ్. మనకు గిది దగ్గర" అని, ఆ తలుపు పక్కన కూర్చున్నవాళ్లను బతిమాలి సీట్లు మార్పించేవాడు. ఆట మొదలయ్యాక వచ్చినవాళ్లు చీకట్లో తడుముకుంటూ ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుంటుంటే, బాపుకు మనసు ఊరుకునేది కాదు. లేచి వెళ్లి చెయ్యి పట్టుకుని వాళ్ల సీటు వాళ్లకు చూపించి వచ్చేవాడు. రోజూ ఎనిమిది గంటలు చీకట్లో తిరిగే మనిషికి సినిమా హాలు ఒక లెక్కా? ఒక పెద్దాయన ఆయన్ని హాలు మనిషి అనుకుని టికెట్టు ముక్క చేతిలో పెట్టాడు. బాపు దాన్ని భద్రంగా జేబులో వేసుకున్నాడు. నా పక్కన కూర్చున్న పట్నం అమ్మాయి "ఆయన మీవాళ్లా?" అని అడిగింది. నేను దగ్గాను. చాలాసేపు దగ్గాను. బాపు తిరిగొచ్చి "నీళ్లు తాగుతవా బిడ్డా?" అన్నాడు.

నాలుగో రోజు పొద్దున్నే మామ మమ్మల్ని స్టూడియోలోకి తీసుకుపోయాడు. ముందు నుంచి చూస్తే కోట, వెనక్కి పోతే కర్రలూ గోనెపట్టాలూ. గోపురం మీద ఎవరివో లుంగీలు ఆరేసి ఉన్నాయి. అవ్వ చెప్పులు విడిచి దండం పెట్టబోతుంటే మామ ఆపాడు. అవన్నీ దాటి ఒక పెద్ద షెడ్డులోకి వెళ్తే, అక్కడుంది మా బాయి. చెక్కలతో సొరంగంలా కట్టి, పైన గోనెపట్టా అతికించి, నల్లరంగు పూసి, కింద వరుసగా దుంగలు నిలబెట్టారు. మామ నడుము మీద చేతులు పెట్టుకుని, "ఎట్లుంది బావా నా బాయి?" అన్నాడు.

బాపు చాలాసేపు పైకి చూశాడు. "మంచిగనే ఉన్నది బామ్మర్ది. గని దుంగలు కప్పుకు ఆనుతలేవు. బెత్తెడు సందున్నది. మా కాడ గిట్ల పెడితే నౌకరి ఊడుతది."

"గది చెక్క కప్పు బావా. దానికి దుంగలెందుకు? ఊకె చూపుకే."

"చూపుకైనా కప్పు కప్పే గద."

"నీకు దండం పెడుత. గీ బెంచీ మీద కూసో, సాయంత్రం దాక లేవకు. మేనేజరు మస్తు కోపపు మనిషి. నా నౌకరి మీదికి తేకు" అన్నాడు మామ. బాపు బుద్ధిగా కూర్చున్నాడు. ఇస్త్రీ చేసిన తెల్లంగి నలగకుండా వీపు ఆనించకుండా కూర్చున్నాడు. పక్కన అవ్వ కూర్చుంది.

నన్ను లోపలికి పిలిచి ముఖానికి మసి పూశారు. (పౌడరు రాస్తారనుకున్నాను. మా ఊళ్లో ఊరికే దొరికే మసి కోసం అంత దూరం రైలెక్కి పోయానన్నమాట.) తల మీద తట్ట పెట్టి, పదిహేను మంది ఆడపిల్లలతో పాటు కప్పు కింద నిలబెట్టారు. బాయి లోపలికి ఆడపిల్లల్ని ఎవరు తోలుతారని బెంచీ మీద బాపు అవ్వను అడగడం నాకు వినబడింది. సీను ఏమిటంటే, కప్పు కూలబోతుంది, అందరం ప్రాణభయంతో బయటికి ఉరకాలి, హీరో మాత్రం ఎదురు వచ్చి అందర్నీ కాపాడాలి. ఐదుసార్లు ఉరికాం. ఐదుసార్లూ మాలో ఎవరో ఒకరు నవ్వారు. (మూడోసారి నేనే. కెమెరా వైపు చూసి, అందంగా ఉంటుందని.) డైరెక్టరు నెత్తి కొట్టుకుని, "భయపడండమ్మా, నాకు భయం కావాలి!" అని అరిచాడు. ఆరోసారి కెమెరా మళ్లీ తిరగడం మొదలైంది.

నా పక్కనున్న దుంగ ఒకటి మెల్లగా పక్కకు ఒరుగుతున్నదట. నేను చూడలేదు. బాపు బెంచీ మీద నుంచి చూశాడు. లేచాడు. టోపీ లేకుండా కప్పు కిందికి పోకూడదు కనుక, సినిమా కూలీల కోసం తెచ్చిన టోపీల పెట్టెలో మిగిలిపోయినది ఒకటి తీసి పెట్టుకున్నాడు. గోడకు ఆనించిన కర్ర ఒకటి అందుకున్నాడు. తెల్లంగితో, కెమెరా ముందు నుంచే నడిచి వచ్చి, కప్పును కర్రతో ఒక్కటి కొట్టాడు. అది డొల్లగా మోగింది. చెక్క డొల్లగానే మోగుతుంది, ఆ సంగతి బాపు బుద్ధికి తెలుసు. చెవికి తెలియదు.

"కప్పు విడిచింది! ఉరుకుండ్రి! బయటికి ఉరుకుండ్రి!"

బాపు గొంతు అట్లా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఇంట్లో ఉప్పు తక్కువైతే కూడా మెల్లగా అడిగే మనిషి. ఆ కేకకు అందరూ నిజంగా ఉరికారు. అందరికన్నా ముందు హీరో ఉరికాడు. ఎదురు రావలసినవాడు, మమ్మల్ని దాటుకుని పోయాడు. దుంగలు దొర్లాయి, లైటు ఒకటి పడి పగిలింది, హీరో మోకాలు చీరుకుపోయింది. బాపు ఇవేవీ చూడలేదు. తిన్నగా నా దగ్గరికొచ్చి, నా తల మీది తట్ట నెట్టేసి, మణికట్టు పట్టుకుని వెలుగులోకి లాక్కుపోయాడు. అవ్వ కొనిపెట్టిన ఆకుపచ్చ గాజులు రెండు చిట్లాయి. "ఏం గాలే బిడ్డా, ఏం గాలే" అని రొప్పుతున్నాడు. కూలింది కూడా ఏమీ లేదు. కప్పు మామ మేకులు కొట్టినట్టే ఉంది.

అప్పుడొచ్చాడు మేనేజరు. "ఎవరయ్యా ఈయన? ఎవరి తాలూకు? లోపలికి ఎవరు రానిచ్చారు?" అని కేకలు వేశాడు. మామ చేతిలోని సుత్తిని అంతకుముందు ఎన్నడూ చూడనట్టు చూస్తున్నాడు. మేనేజరు నా వైపు తిరిగాడు. "ఏమ్మా, నిన్నే కదా పట్టుకుని లాగాడు. నీకు తెలుసా ఈయన?"

అవునంటే నన్ను కూడా బయటికి పంపిస్తారు. ఇరవై క్వార్టర్ల తలుపులు, కిటికీలతో సహా, నా కళ్ల ముందు వరుసగా తెరుచుకున్నాయి.

"ఆయనెవరో నాకు తెలీదండీ" అన్నాను.

ఎంత చక్కగా వచ్చిందనుకున్నారు ఆ మాట! ఒక్క అక్షరం తొట్రుపడలేదు. నెలరోజులు అద్దం ముందు నేర్చుకున్నదంతా ఆ ఒక్క వాక్యంలో అక్కరకు వచ్చింది. బాపు నా ముఖం వైపు ఒకసారి చూశాడు. తర్వాత మేనేజరుతో, "ఔ సార్. గా పిల్లకు నేనేం గాను. తొవ్వ తప్పి లోపటికొచ్చిన, మాఫ్ చెయ్యుండ్రి" అన్నాడు. టోపీ తీసి పెట్టెలో పెట్టాడు, కర్రను తీసినచోటే గోడకు ఆనించాడు, వెళ్లిపోయాడు. అవ్వ లేచి ఆయన వెనకే పోయింది. నేను పోలేదు. సాయంత్రం దాకా ఉండి, ఉరకమన్నప్పుడల్లా ఉరికాను.

సాయంత్రం గేటు బయటికి వచ్చేసరికి బాపు రోడ్డవతల చాయ్ హోటలు ముందు నిలబడి ఉన్నాడు, పొద్దటి నుంచీ అక్కడే. నన్ను చూసి రోడ్డు దాటి వచ్చాడు. కోపం ఉంటుందేమోనని ముఖమంతా వెతికాను. ఉంటే బాగుండేది. నా చెయ్యి పట్టుకుని మణికట్టు మీద కమిలిన చోటు చూసి, "గట్టిగ వట్టిన్నా బిడ్డా?" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను.

తిరుగు రైలులో, బాపు నీళ్లు పట్టడానికి స్టేషనులో దిగినప్పుడు, అవ్వ కిటికీ వైపు చూస్తూ చెప్పింది. "బాయిల మీ బాపుతోని పనిజేసే జోడీదారు గట్లనే సచ్చిపోయిండు. కప్పు డొల్లగ మోగిందని మీ బాపు ఒర్రేలోపటనే మీద వడ్డది. చెయ్యి పట్టి గుంజవోయిండట, అందలే. నువ్వప్పుడు పసిపిల్లవు." బాపు నీళ్లతో వచ్చి ముందు నాకే ఇచ్చాడు. తప్పైంది బాపూ అనే మాటను ఒక్కో స్టేషనులో సిద్ధం చేసుకున్నాను. కాజీపేటలో అందామనుకున్నాను, జమ్మికుంటలో అందామనుకున్నాను, మా ఊరొచ్చింది. అన్ని మాటలు నేర్చుకున్న నోటికి ఆ ఒక్కటి పలకలేదు.

సినిమా మా టాకీసుకు వచ్చేసరికి చాలా నెలలైంది. మా లైనులో ఇరవై క్వార్టర్లవాళ్లూ వచ్చారు, నన్ను చూడటానికి. బాపును నేనే బతిమాలి తీసుకుపోయాను. వాన కురుస్తూనే ఉంది. బాయి సీను వచ్చింది. నా ముఖం కోసం కళ్లు పొడుచుకుని చూశాను, లేదు. ఎక్కడా లేదు. గుంపు ఉరికింది, అందులో నేను లేను. కానీ అంతకుముందు ఒక్క క్షణం, టోపీ పెట్టుకున్న ఒక మనిషి తెల్లంగితో నడిచొచ్చి కర్రతో కప్పును కొట్టి, వెనక్కి తిరిగి అరిచాడు. ఆ ఒక్క ఉరుకులోనే డైరెక్టరుకు కావలసిన భయం దొరికినట్టుంది, అదే ఉంచేశారు.

హాలంతా గొల్లుమంది. "అరే, బాయిల ఇస్త్రీ అంగి ఎవడేసుకుంటడు రా!" అన్నారెవరో. "కొట్టుడు సూడు, కప్పు కొట్టుడంటే గదీ!" అని ఇంకొకరు. ఈలలు. "మన టింబర్‌మన్ గాదూ గాయన?" నాకు ఏమైందో, బెంచీ ఎక్కి నిలబడి, "మా బాపు! గాయన మా బాపు!" అని అరిచాను. అండీలన్నీ మర్చిపోయాను. ముందు వరుసలో కూర్చున్నాయన వెనక్కి తిరిగి, "నిజమేనా అన్నా? నువ్వేనా?" అని బాపును అడిగాడు.

బాపు తెర మీద నుంచి చూపు తిప్పకుండా నవ్వాడు. "గాయన ఎవలో నాకు తెల్వదు" అన్నాడు.

అందరూ నవ్వారు. బాపూ నవ్వాడు. నేను కూడా నవ్వాను, అందరికన్నా ఆలస్యంగా. అది నన్ను ఆట పట్టించడానికి అన్నాడా, లోపల ఇంకా నొప్పి ఉండి అన్నాడా, నాకు ఇప్పటికీ తెలియదు. ఇంటికి నడిచి వస్తూ అడగొచ్చు, అడగలేదు. మర్నాడు అడగొచ్చు. ఆ తర్వాత ఆయన ఇరవై ఏళ్లకు పైనే బతికాడు, నా పెళ్లి పందిరి గుంజలు కూడా ఊపి చూశాడు. ఎప్పుడైనా అడగొచ్చు కదా అనుకుంటూనే ఉన్నాను. చివరికి ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టి, మాట్లాడితే ఆయాసం వచ్చే రోజుల్లో ఏం అడుగుతాను? నేను అడగకముందే పోయాడు.

ఇప్పుడు మేముండేది కరీంనగర్‌లో. మొన్నటి వేసవి సెలవుల్లో నా బిడ్డ ఫోనులో ఆ సినిమాను ఎక్కడో పట్టుకుంది. అందులోనూ వాన ఉంది. బాపు వచ్చేచోట ఆపమన్నాను. కర్రతో కొట్టాడు, తిరిగి అరిచాడు, చెయ్యి చాచి దేన్నో అందుకుని తెర అంచులోంచి బయటికి పోబోతున్నాడు. అక్కడ ఆపేసింది.

"అమ్మా, తాత ఎవలనో గుంజుతుండు. గీ చెయ్యి ఎవలది?"

దగ్గరికి పెట్టుకుని చూశాను. తెర చివర బాపు పిడికిలి. ఆ పిడికిలిలో ఒక మణికట్టు, రెండు ఆకుపచ్చ గాజులు. ఆనాడు హాల్లో నేను ముఖం కోసం వెతుకుతూ చెయ్యిని చూడనే లేదు. ఇరవై క్వార్టర్లకు చెప్పిన మాట నిలబెట్టుకున్నానన్నమాట, కనబడ్డాను. చెప్పిరావడానికి ఇప్పుడు ఆ లైనులో ఎవరూ లేరు.

నా బిడ్డ మళ్లీ మొదటి నుంచి వేసింది. బాపు తెర మీదికి నడిచి వస్తుంటే, వంటింట్లో గరిటె పట్టుకుని నిలబడి, మేనేజరు ఎదురుగా ఉన్నట్టే పైకి అన్నాను.

"ఆయన మా బాపండీ."

"ఎవలతోని మాట్లాడుతున్నవే అమ్మా?" అని నా బిడ్డ పడి పడి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే, ఇంకొకసారి వెనక్కి జరపమన్నాను.